ఎల్‌డీఎల్ 119 అని ధీమాగా ఉండొద్దు, మాత్ర ఆపొద్దు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే మీ నాన్నగారికి 52 ఏళ్లు. బరువు 71 కిలోలు, చూడ్డానికి లావుగా ఉండరు, కానీ నడుము 98 సెంటీమీటర్లు. పరగడుపున షుగర్ 118, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.3, బీపీ 138/88. మొత్తం కొలెస్ట్రాల్ 212, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 310, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) 31, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) 119. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ కనిపించింది. డాక్టర్ రోసువాస్టాటిన్ 10 రాశారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల్లో అదొకటి. మీ బాబాయి వీడియోలు చూసి "కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల మోసం, ఆ మాత్రతో షుగర్ వస్తుంది" అనడంతో మూడు వారాలుగా మాత్ర మానేశారు. ఎల్‌డీఎల్ పెద్దగా లేదు కదా, మాత్ర అవసరమా? అది నిజంగానే షుగర్ తెస్తుందా? అన్నం తగ్గించి కొబ్బరి నూనె ఎక్కువగా తీసుకోమని బాబాయి చెప్పిన డైట్ చేయించవచ్చా? మీరు అడిగినవి ఈ మూడు.

ముందు తొందరగా చెప్పాల్సింది చెప్పేస్తాను. మాత్ర రాసిన డాక్టర్‌కి రేపే ఫోన్ చేసి, ఆపేసిన సంగతి చెప్పి, మళ్లీ మొదలుపెట్టించండి. నేను మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి చివరి మాట ఆ డాక్టర్‌దే. అయితే ఈ అంకెలు నాకు బాగా తెలిసినవి. మొదట ఒంగోలు వైపు, తర్వాత నెల్లూరులో, మొత్తం 33 ఏళ్లుగా ఫిజీషియన్‌గా ఇలాంటి రిపోర్టులే చూస్తున్నాను. మన ప్రాంతంలో గుండెపోటుతో వచ్చేవాళ్లలో చాలామంది రిపోర్టు అచ్చం ఇలాగే ఉంటుంది.

1994లో టంగుటూరు నుంచి ఒక పొగాకు వ్యాపారి నా దగ్గరికి వచ్చారు. పొగాకు వ్యాపారమే అయినా చుట్ట ముట్టని మనిషి. మొత్తం కొలెస్ట్రాల్ 196. "రెండొందల లోపే ఉంది, భయం లేదు" అని పంపించాను. అదే కాగితం మీద ట్రైగ్లిజరైడ్స్ 340, హెచ్‌డీఎల్ 29 అని ఉన్నాయి. చూశాను, కానీ వాటికి విలువ ఇవ్వలేదు. రెండేళ్లకు ఆయనకు గుండెపోటు వచ్చింది. బతికారు, కానీ మునుపటి మనిషి కాలేదు. ఆ కాగితంలో నేను దేన్ని వదిలేశానో వెతుక్కుంటూ పోతే జెరాల్డ్ రీవెన్ అనే అమెరికన్ పరిశోధకుడి పని దగ్గర ఆగాను. మీ నాన్నగారి రిపోర్టు అర్థం కావాలంటే ఆయన ఏం కనిపెట్టారో కాస్త తెలియాలి, కొంచెం ఓపికగా చదవండి.

దానికన్నా ముందు ఒక లెక్క. మీ నాన్నగారి ఎల్‌డీఎల్ 119 అనేది చాలా ల్యాబుల్లో నేరుగా కొలిచే అంకె కాదు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన బృందం ఇచ్చిన సూత్రంతో వేసే లెక్క. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయాలి, ట్రైగ్లిజరైడ్స్‌ని 5తో భాగించి అదీ తీసేయాలి. 212లోంచి 31 పోతే 181. 310ని 5తో భాగిస్తే 62. 181లోంచి 62 పోతే 119. మీ రిపోర్టులో ఉన్నది సరిగ్గా అదే. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది, 400 దాటితే అసలు వాడకూడదు. అంటే మీ నాన్నగారికి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ ఉండటం వల్లే ఎల్‌డీఎల్ తక్కువగా కనబడుతోంది. మీరు చూడాల్సిన అంకె మధ్యలో వచ్చిన ఆ 181. దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, రక్తనాళాల గోడల్లో పేరుకునే కొలెస్ట్రాల్ అంతా అందులోకే వస్తుంది. ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలనుకునే మనిషికి నాన్ హెచ్‌డీఎల్ 130 లోపు ఉండాలి. ఆయనకు 181 ఉంది. "ఎల్‌డీఎల్ పెద్దగా లేదు కదా" అన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

ఇప్పుడు రీవెన్ దగ్గరికి వద్దాం. షుగర్ అంటే, రక్తంలోని గ్లూకోజ్‌ని కండలోకి పంపే ఇన్సులిన్ ఒంట్లో లేకపోవడమే అని చాలాకాలం అనుకున్నారు. 1936లోనే లండన్‌లో హిమ్స్‌వర్త్ అనే డాక్టర్, కొందరు షుగర్ రోగులకు ఇన్సులిన్ ఇచ్చినా శరీరం దానికి సరిగా స్పందించడం లేదని చూపించారు. అప్పట్లో రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే దారి లేక ఆ మాట పక్కన పడిపోయింది. 1960లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ ఆ కొలత సాధించారు. చూస్తే పెద్ద వయసులో షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇన్సులిన్ తక్కువగా లేదు, ఎక్కువగానే ఉంది. ఆ పద్ధతికి యాలోకి 1977లో నోబెల్ వచ్చింది, అప్పటికే బెర్సన్ చనిపోయారు.

రీవెన్ స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఫార్కర్ అనే సహచరుడితో కలిసి 1960లలో వేరే ప్రశ్న పట్టుకున్నారు. కొందరికి ట్రైగ్లిజరైడ్స్ ఎందుకు పెరుగుతాయి? కొవ్వు తిన్నందుకే అని అందరి నమ్మకం. వీళ్లు పిండి పదార్థం ఎక్కువ ఉన్న భోజనం పెట్టి చూశారు. ఎవరి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా లేస్తోందో వాళ్లకే ట్రైగ్లిజరైడ్స్ కూడా లేచాయి. ఆ తర్వాత ఇన్సులిన్ ఎంత పని చేస్తోందో నేరుగా కొలిచే పరీక్షను రీవెన్ బృందం తయారు చేసింది. మనిషి సొంత ఇన్సులిన్‌ని మందుతో ఆపేసి, బయటి నుంచి అందరికీ ఒకే లెక్కన ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కించేవారు. ఇన్సులిన్ అందరిలో ఒకటే కాబట్టి, ఎవరి షుగర్ ఎక్కువ దగ్గర నిలబడుతుందో వాళ్ల శరీరం ఇన్సులిన్ మాట అంతగా వినడం లేదన్నమాట.

ఆ పరీక్ష షుగర్ ఉన్నవాళ్ల దగ్గర ఆగలేదు. లావు లేని, షుగర్ పరీక్షలన్నీ మామూలుగా ఉన్న మనుషుల్లో కూడా దాదాపు నాలుగో వంతు మందికి షుగర్ రోగులతో సమానంగా ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ మాట వినకపోవడం, ఉంది. వాళ్ల క్లోమం రెండింతలు కష్టపడి ఇన్సులిన్ ఎక్కువ తయారు చేసి షుగర్‌ని అదుపులో ఉంచుతోంది, అంతే. 1988లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారి బాంటింగ్ ఉపన్యాసంలో రీవెన్ ఇవన్నీ ఒకచోట పెట్టారు. ఇన్సులిన్ నిరోధకత, ఎక్కువ ఇన్సులిన్, షుగర్ తేడాలు, ఎక్కువ ట్రైగ్లిజరైడ్స్, తక్కువ హెచ్‌డీఎల్, బీపీ వేర్వేరు జబ్బులు కావని, ఒకే మనిషిలో కలిసి వస్తాయని, గుండెను దెబ్బతీస్తాయని చెప్పి ఆ గుంపుకు "సిండ్రోమ్ ఎక్స్" అని పేరు పెట్టారు. ఇప్పుడు డాక్టర్లు మెటబాలిక్ సిండ్రోమ్ అనేది దాని నుంచి వచ్చిందే. ఆయన మాత్రం ఆ పేరుతో ముద్ర వేసి ఊరుకోవడం ఇష్టపడలేదు, ముద్ర కన్నా మూలం తెలియాలని చివరిదాకా వాదించారు. 2018లో, 89వ ఏట చనిపోయారు.

మీ నాన్నగారి కాగితం మళ్లీ తీయండి. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40 ఉండాలి, ఆయనకు 31. పరగడుపు షుగర్ 100 దాటింది. బీపీ 130/85 దాటింది. నడుము మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆయనది 98. ఈ అయిదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఆయనకు అయిదూ ఉన్నాయి. ఇంకో చిన్న కొలత కూడా రీవెన్ బృందమే ఇచ్చింది. ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగించి చూస్తే, బరువు ఎక్కువున్నవాళ్లలో 3 దాటితే ఇన్సులిన్ నిరోధకత ఉందని అనుమానించాలి. ఆయనకు సరిగ్గా 10.

ఇదంతా ఒంట్లో ఎలా జరుగుతుందో మీ నాన్నగారికి ఆయన భాషలోనే చెప్పండి. చెరువులో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా. ట్రేలో మేత మిగిలిందంటే రొయ్య తినడం లేదని అర్థం, తర్వాతి మేత తగ్గిస్తారు. చూడకుండా వేస్తూ పోతే మిగిలినదంతా అడుక్కి చేరి బురదవుతుంది, అమ్మోనియా లేస్తుంది, చివరికి చెరువే దెబ్బతింటుంది. మన ఒంట్లో గ్లూకోజ్ ఎక్కువగా తీసుకోవాల్సింది కండ. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవాళ్ల కండ తీసుకోదు. మూడు పూటలా అన్నం, నాలుగైదు టీలు పడుతూనే ఉంటే మిగిలిందాన్ని లివర్ కొవ్వుగా మారుస్తుంది. పొట్టలోని కొవ్వు కూడా ఇన్సులిన్ మాట వినక కరిగి లివర్‌కే చేరుతుంది. స్కానింగ్‌లో కనబడిన ఫ్యాటీ లివర్ ఆ అడుగు బురదే. లివర్ తన దగ్గర పట్టనిదాన్ని ట్రైగ్లిజరైడ్స్‌గా మూట కట్టి రక్తంలోకి పంపుతుంది. ఆ మూటలు రక్తంలో హెచ్‌డీఎల్‌కి, ఎల్‌డీఎల్‌కి తమ ట్రైగ్లిజరైడ్స్ ఇచ్చి వాటి కొలెస్ట్రాల్ పుచ్చుకుంటాయి. అలా మారిన హెచ్‌డీఎల్ త్వరగా కరిగిపోతుంది, అందుకే 31. ఎల్‌డీఎల్ రేణువులేమో చిన్నవిగా, చిక్కగా అవుతాయి. ఒక టన్ను రొయ్యలు ఒక్క లారీలో పోవచ్చు, పది ఆటోల్లోనూ పోవచ్చు. 119 అనేది సరుకు బరువు మాత్రమే. రక్తనాళం గోడకు గుద్దుకునేది బండ్లు, వాటి లెక్క ఆ అంకెలో లేదు. బండ్ల లెక్క కావాలంటే ఎపోబీ అనే పరీక్ష ఉంది. వీలైతే ఒకసారి చేయించండి.

"71 కిలోల మనిషికి ఇదంతా ఏంది సార్?" అని నన్ను చాలామంది అడుగుతారు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ దీనికి ఒక ఫొటోతో జవాబు చెప్పారు. ఆయన, లండన్‌కు చెందిన యుడ్కిన్ అనే డాక్టర్ పక్కపక్కన ఉన్న ఆ ఫొటో 2004లో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనం సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు మోసే మనుషులం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు దేశంలో నాలుగు ప్రాంతాల్లో చేసిన సర్వేలో నూటికి 72 మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉంది. ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లు 12 మందే. అందుకే మన దగ్గర తూకం యంత్రం కన్నా దర్జీ టేపు ఎక్కువ చెబుతుంది.

మీ బాబాయి లాంటివాళ్లు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. అసలు సంగతి ఇన్సులిన్ అని విన్నారు, అది నిజం. దాన్నుంచి "అయితే కొలెస్ట్రాల్ అబద్ధం" అనే దగ్గరికి దూకారు, అది నిజం కాదు. రీవెన్ ఎప్పుడూ ఎల్‌డీఎల్ హాని చేయదని అనలేదు, దానితోపాటు ఇంకో దారి ఉందన్నారు. ఎల్‌డీఎల్‌ని లివర్ ఎలా లాక్కుంటుందో కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. పుట్టుకతోనే ఆ ఏర్పాటు చెడిపోయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపం వచ్చిన పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. వాళ్లకు షుగర్ లేదు, పొట్ట లేదు, ఉన్నది ఎల్‌డీఎల్ ఒక్కటే. ఈ ఒక్క సంగతి చాలు.

స్టాటిన్ పుట్టుక మన నెల్లూరు వాళ్లకు నచ్చుతుంది. జపాన్‌లో అకిరా ఎండో ఆరు వేలకు పైగా బూజుల్ని పరీక్షించి, 1973లో మొదటి స్టాటిన్‌ని పట్టుకున్నారు. అది దొరికిన బూజు క్యోటోలోని ఒక ధాన్యం దుకాణంలో బియ్యం మీద పెరిగింది. 1994లో స్కాండినేవియాలో గుండె జబ్బు ఉన్న 4,444 మంది మీద సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్‌ని పరీక్షిస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. 2004లో, గుండె జబ్బు ఇంకా రాని షుగర్ రోగుల మీద అటోర్వాస్టాటిన్ 10 అనే ఇంకో స్టాటిన్‌ని పరీక్షిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ఆ పరీక్షను అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు.

మాత్రతో షుగర్ వస్తుందన్నది పూర్తి అబద్ధం కాదు, అందుకే దాన్ని తోసిపుచ్చను. 2010లో చాలా పరీక్షల్ని కలిపి చూసినప్పుడు స్టాటిన్ వాడేవాళ్లలో కొత్తగా షుగర్ రావడం 9 శాతం ఎక్కువ. అంటే 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒక్కరికి. ఆ ఒక్కరు కూడా ఎక్కువగా మీ నాన్నగారిలా షుగర్ గడప దాకా వచ్చినవాళ్లే. అదే 255 మందిలో మాత్ర వల్ల తప్పే గుండెపోట్ల లాంటివి అయిదుకు పైనే. ఆయన్ని షుగర్ వైపు తోస్తున్నది ప్రధానంగా ఆ నడుము, ఆ లివర్. మాత్ర మొదలుపెట్టాక కండరాల నొప్పులు బాగా వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా డాక్టర్‌కి చెప్పండి, మందు మార్చే వీలుంది.

ట్రైగ్లిజరైడ్స్‌కి విడిగా ఇంకో మాత్ర ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. అవి 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది, అప్పుడు తప్పదు. కానీ 2022లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో, స్టాటిన్ వాడుతున్న షుగర్ రోగులకు అదనంగా మందు ఇచ్చి ట్రైగ్లిజరైడ్స్‌ని పావు వంతు తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదు. ఆ పరీక్షలో అంకె తగ్గింది గానీ దాని వెనక ఉన్న మూలం కదల్లేదు.

మూలం కదిలేది తిండితో, నడకతో. "అన్నం మానేసి ఏం తినేది సార్?" అన్న మాట నాకు కొత్త కాదు. మానమనడం లేదు. పొద్దున కారం దోసెలు మూడు, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, రాత్రి మళ్లీ అదే, మధ్యలో చక్కెర టీలు, బిస్కెట్లు అని మీరే రాశారు. మన దేశంలో సగటున ఒక మనిషి తీసుకునే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తుందని ఐసీఎంఆర్ లెక్క. మీ నాన్నగారిది అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అన్నం పూటకు ఒక కప్పుకి తగ్గించి, ఆ ఖాళీని పప్పుతో, కూరతో, గుడ్డుతో, చేపతో నింపండి. చేపల పులుసు భయపడాల్సిన వంట కాదు, ఆ పులుసు రుచికి రెండోసారి పెట్టుకునే అన్నమే మనల్ని దెబ్బతీస్తుంది. వంజరం, నెత్తళ్లు వారానికి మూడుసార్లు తినొచ్చు, వేపుడు కాకుండా. రొయ్యల సంగతి ఆయన తప్పక అడుగుతారు. రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువే, కానీ హాని చేసే కొవ్వు తక్కువ. 1996లో ఒక చిన్న ప్రయోగంలో మామూలు మనుషులకు రోజూ 300 గ్రాముల రొయ్యలు పెడితే ఎల్‌డీఎల్ 7 శాతం పెరిగింది, హెచ్‌డీఎల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్స్ 13 శాతం తగ్గాయి. వారంలో ఒకటి రెండుసార్లు తింటే నేనైతే అడ్డు చెప్పను.

అన్నం బదులు కొర్రలు, సజ్జలు పెడతామని చాలామంది అంటారు. కనిగిరి, పొదిలి వైపు పాతకాలంలో అదే తిండి, మంచిదే. కానీ ఒక కప్పు అన్నం స్థానంలో రెండు కప్పుల కొర్రన్నం తింటే ఏమీ మారదు. పిండి పదార్థం మొత్తం తగ్గితేనే లాభం.

రాత్రి చెరువు గట్టున రెండు పెగ్గులు అన్నారు. 310లో వాటి వాటా చిన్నది కాదు. మూడు నెలలు పూర్తిగా ఆపమనండి. లివర్‌కి, ట్రైగ్లిజరైడ్స్‌కి ఇంతకన్నా త్వరగా పనిచేసేది నేను చూడలేదు. నిద్ర కూడా ముఖ్యమే. కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి చెరువు పోతుందన్న టెన్షన్‌తో రాత్రంతా మేలుకునేవాళ్లని ఎంతోమందిని చూశాను. నిద్ర తక్కువైతే ఇన్సులిన్ ఇంకా పనిచేయదు. వీలైన రాత్రుల్లో కాపలా ఇంకొకరికి అప్పగించాలి. అన్నం తిన్న వెంటనే పడుకోకుండా పది, పదిహేను నిమిషాలు గట్టు మీద నడిచినా కండ కొంత గ్లూకోజ్ లాక్కుంటుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం, షుగర్ గడప దగ్గర ఉన్న 531 మందిని మూడేళ్లు చూసి 2006లో ఫలితాలు ఇచ్చింది. ఏమీ మార్చనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. తిండి, నడక మార్చినవాళ్లలో 39 శాతానికి తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతోనూ దాదాపు అంతే. మన పక్క ఊరి మనుషులే వాళ్లు, ఇది మనవల్ల కాదనడానికి లేదు.

కొబ్బరి నూనె డైట్ వద్దు. అన్నం తగ్గించడం వల్ల ట్రైగ్లిజరైడ్స్ తగ్గుతాయి, బరువు తగ్గుతుంది, ఆ మేరకు అది పనిచేసినట్టే కనబడుతుంది. కానీ కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు, అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. ఆ డైట్ చేసి ట్రైగ్లిజరైడ్స్ 130కి దిగి, ఎల్‌డీఎల్ 210కి ఎక్కినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. పిండి తగ్గించమన్న రీవెన్ కూడా ఆ స్థానంలో వేరుశనగ, నువ్వులు, గింజల నూనెల్లో ఉండే అసంతృప్త కొవ్వునే పెట్టమన్నారు, సంతృప్త కొవ్వు తక్కువే ఉంచారు.

ఒక్క హెచ్చరిక. ఆయనకు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే ఆయాసం, చెమటలు వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి ఇంట్లో కూర్చోబెట్టకండి. గంట లోపల ఈసీజీ తీసే చోట ఉండాలి.

మాత్ర మొదలుపెట్టిన రోజు తేదీ రాసుకోండి. 12 వారాల తర్వాత అదే ల్యాబులో, రాత్రంతా ఏమీ తినకుండా, ముందు మూడు రోజులు మద్యం ముట్టకుండా మళ్లీ లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ, లివర్ పరీక్షలు చేయించండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుము కొలవండి. రిపోర్టు రాగానే ఎల్‌డీఎల్ గడి వైపు పోకుండా, మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి చూడండి. ఇప్పుడు 181. అది 130 లోపు దిగితే ఇదే దారిలో కొనసాగించండి. దిగకపోతే ఆ రెండు కాగితాలూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మాత్ర మోతాదు పెంచాలో, ఇంకోటి కలపాలో ఆయన చూస్తారు.